జహీరాబాద్ మిద్దె మీద ముప్పై ఆరో నిమిషం

పైలట్ లైసెన్సుకు రాత పరీక్ష రాసేవాళ్ళు జహీరాబాద్ ఎందుకు వెళ్ళాలయ్యా అంటే, వేసిన లెక్క ఒప్పో తప్పో అక్కడ కళ్ళారా చూడొచ్చు కాబట్టి. నేను వెళ్ళింది ఎనభైల మొదట్లో. అప్పుడు హైదరాబాద్‌లో విమానం నడపడం నేర్చుకుంటున్నాను. వాతావరణం, నిబంధనలు, ఇంజన్ పేపర్లు గట్టెక్కాయి. నావిగేషన్, అంటే గాలిలో దారి లెక్క, ఒకసారి తప్పింది. అది పాసయ్యేదాకా నన్ను ఒంటరిగా ఊరు దాటనివ్వనని మా చీఫ్ ఇన్‌స్ట్రక్టర్ తేల్చి చెప్పేశాడు. రెండోసారి కూడా తప్పితే విమానం మాట ఎత్తకుండా బి.ఎడ్.లో చేరతానని నాన్నకు నేనే మాటిచ్చాను. నోటి తొందర నాకు మొదటి నుంచీ ఉంది.

పరీక్ష వారం ఉందనగా తెలిసింది, మా బ్యాచ్ రవీందర్, సలీం ఇద్దరూ శనివారం నాడు ఒంటరి ప్రయాణానికి వెళ్తున్నారని. ముందు జహీరాబాద్, అక్కడ రైల్వే గేటు మీద కుడివైపు తిరిగి మెదక్, మళ్ళీ హైదరాబాద్. రవీందర్ పొద్దున తొమ్మిదికి, సలీం మధ్యాహ్నం పన్నెండుకు. నాకు కుళ్ళు పుట్టింది, దాచడమెందుకు. వాళ్ళు టేకాఫ్ అవుతుంటే కింద నిలబడి చెయ్యి ఊపడం నా వల్ల కాదు. అంతకంటే నేనే జహీరాబాద్ వెళ్ళి, వాళ్ళు ఎన్నింటికి వస్తారో ముందే లెక్క వేసి, నా లెక్క ప్రకారం వస్తారో లేదో చూస్తాననుకున్నాను. పరీక్షలో అడిగేది సరిగ్గా అదే కదా: ఇంత దూరం, ఇంత వేగం, ఇంత గాలి, ఎన్ని నిమిషాలకు చేరతావు?

తెల్లవారుజామున గౌలిగూడ బస్టాండులో జహీరాబాద్ బస్సెక్కాను. టికెట్టు పది రూపాయల లోపే ఉండేది, ప్రయాణం మూడు గంటల పైన. ఎడమవైపు కిటికీ పక్కన కూర్చున్నాను. ఒళ్ళో మ్యాపు పరుచుకుంటే కండక్టర్ వంగి చూసి, "భూమి కొనేటందుకు పోతున్నవా అమ్మా?" అన్నాడు. కొనడానికి కాదు, కొలవడానికన్నాను. పటాన్‌చెరు దాటేసరికి బాగా తెల్లవారింది. సంగారెడ్డి చౌరస్తాలో బస్సు ఆగితే చాయ్ తాగాను. మీరు కూడా తాగండి, సదాశివపేట దాకా మళ్ళీ ఆగదు.

బస్సులో వెళ్తుంటే పుస్తకంలో బట్టీ పట్టినవన్నీ కిటికీలోంచి కనిపిస్తాయి. రోడ్డు వంపులు తిరుగుతుంది, విమానం తిరగదు. అందుకే మైలురాళ్ళ మీది కిలోమీటర్లు మనకు పనికిరావు. మ్యాపు మీద తిన్నగా గీత గీసి, పక్క అంచున ఉండే అక్షాంశాల కొలతతో కొలవాలి. అక్కడ డిగ్రీలో అరవయ్యో వంతును నిమిషం అంటారు, ఒక్కో నిమిషం ఒక నాటికల్ మైలు. కింది అంచు కొలత వాడారంటే దూరం తప్పుతుంది, ఎందుకంటే రేఖాంశాలు పైకి పోయేకొద్దీ దగ్గరవుతాయి. జహీరాబాద్ వైపు పోతుంటే నేల మెల్లగా ఎత్తు పెరుగుతుంది. బస్సులో కూర్చున్నవాళ్ళకు అది తెలియదు, విమానంలో తెలియకపోతే మాత్రం కొంప మునుగుతుంది. హైదరాబాద్ నేలను సున్నా అనుకుని ఎత్తు మీటరు తిప్పుకుని వచ్చినవాడు ఇక్కడ తనకు కొన్ని వందల అడుగులు ఎక్కువ ఉన్నాయని భ్రమపడతాడు. ఇవన్నీ నాకు కొట్టిన పిండి. అందుకే ఆ రోజు నా ధీమా చూడాలి మీరు.

జహీరాబాద్‌లో దిగి రిక్షా మాట్లాడుకున్నాను. రిక్షా అతని పేరు మొగులయ్య. రైల్వే గేటు దగ్గర ఎస్తేరు టీచర్ ఇల్లు అనగానే, "టీచరమ్మకు చుట్టమా? కూసో" అన్నాడు. ఎస్తేరు నా హాస్టల్ స్నేహితురాలి అక్క, పంతులమ్మ. రెండో శనివారం కాబట్టి ఇంట్లోనే ఉంది. నేను వస్తున్నట్టు ముందే కబురు పెట్టాను, ఎందుకు వస్తున్నానో మాత్రం చెప్పలేదు.

"మిద్దె ఎక్కాలక్కా. తొమ్మిది ముప్పై ఆరుకు గేటు మీదికి విమానం వస్తది" అన్నాను.

ఎస్తేరక్క నన్ను ఎగాదిగా చూసింది. ఆమె అత్త రాజమ్మ లోపలి నుంచి జొన్నరొట్టె చరుస్తూనే నవ్వింది. "మా రైలే ఏనాడూ టైముకు రాదు. నీ గాలిమోటరు నిమిషం లెక్కన వస్తదా బిడ్డా?"

"వస్తది అత్తమ్మా. నేను లెక్క కట్టిన."

మొగులయ్య కిరాయి తీసుకున్నాక కూడా కదల్లేదు. "జర చూసి పోత" అని రిక్షా గోడ వారకు పెట్టి మాతో పాటు మిద్దె ఎక్కాడు. అక్కడి నుంచి గేటు, పట్టాలు, బొంబాయి రోడ్డు, చుట్టూ చెరకు తోటలు కనబడుతున్నాయి. చలికాలం ఎండ హాయిగా ఉంది. నేను వాళ్ళకు లెక్క విడమరిచి చెప్పాను. దూరం యాభై ఒక్క నాటికల్ మైళ్ళు. విమానం వేగం గంటకు డెబ్బై. గాలి తూర్పు నుంచి పదిహేను, వెనక నుంచి తోస్తుంది కాబట్టి డెబ్బైకి పదిహేను కలిపితే ఎనభై అయిదు. అంటే ముప్పై ఆరు నిమిషాలు. మా చీఫ్ దగ్గర తొమ్మిదంటే తొమ్మిదే, ఒక్క నిమిషం అటూ ఇటూ కాదు. కాబట్టి తొమ్మిది ముప్పై ఆరు.

ముప్పై ఆరు వచ్చింది, పోయింది. ఆకాశంలో కొంగలు తప్ప ఏమీ లేవు. ముప్పై ఎనిమిదికి రాజమ్మత్త పిండి చేతులతో పైకి వచ్చి, "వచ్చిందా?" అంది. మొగులయ్య తల అడ్డంగా ఊపాడు. ముప్పై ఏడుకో ముప్పై ఎనిమిదికో వచ్చి ఉంటే ఏదో సర్దిచెప్పుకునేదాన్ని. నలభై ఒకటికి తూర్పున సన్నగా మోత వినిపించింది, చుక్కంత విమానం కనిపించింది, గేటు నడినెత్తిన కుడిరెక్క వంచి మెదక్ వైపు తిరిగింది. రవీందర్ దారి తప్పలేదు. దర్జాగా వెళ్ళిపోయాడు. నాకు ఏడుపొచ్చినంత పనయింది.

"గాలిమోటరుకు గూడ గేటు పడ్డదా ఏందమ్మా?" అన్నాడు మొగులయ్య. అందరూ పకపకా నవ్వారు.

"ఆలస్యంగా బయల్దేరిన్రు కావచ్చు" అన్నాను.

ఎస్తేరక్క పంతులమ్మ కదా, ఊరుకోలేదు. "గట్లని నువ్వు అనుకుంటున్నవా, లేకుంటే తప్పించుకుంటున్నవా? మా పిల్లలు గూడ గిట్లనే చెప్తరు. పరీక్ష తప్పినా ఫికర్ పడకు, మా బడిల నా పక్క కుర్చీ ఖాళీనే ఉన్నది. బి.ఎడ్. చేసి వచ్చి కూసో."

ఆ కుర్చీ మాట నాకు ముల్లులా గుచ్చుకుంది. వాళ్ళు రొట్టె తినడానికి కిందికి పోయారు, నేను పోలేదు. మిద్దె మీదే కూలబడి మ్యాపు మళ్ళీ తెరిచాను. దూరం కొలిచాను, సరిగ్గానే ఉంది. వేగం సరిగ్గానే ఉంది. ఇక మిగిలింది గాలి. ముందురోజు సాయంత్రం విమానాశ్రయంలో వాతావరణ అంచనా చూసి మ్యాపు అంచున రాసుకున్నాను: 0600 దాకా తూర్పు గాలి అయిదు, 0600 నుంచి పదిహేను. రవీందర్ బయల్దేరింది తొమ్మిదికి, ఆరు దాటాకే కదా అని పదిహేను తీసుకున్నాను.

అప్పుడు తల మీద మొట్టికాయ పడ్డట్టయింది. విమానాల లోకంలో ఏ కాగితం మీదైనా గడియారం గ్రీనిచ్‌ది. మన గడియారం దానికి అయిదున్నర గంటలు ముందుంటుంది. వాళ్ళ 0600 అంటే మనకు పదకొండున్నర! రవీందర్‌కు వెనక తోసింది పదిహేను కాదు, ఉత్త అయిదు. డెబ్బై అయిదు వేగంతో యాభై ఒక్క మైళ్ళకు నలభై ఒక్క నిమిషాలు. వాడు అణా పైసలతో సహా టైముకే వచ్చాడు. ఈ గ్రీనిచ్ సంగతి నిద్రలో లేపి అడిగినా చెప్తాను నేను. అయినా ఆరు అని కాగితం మీద కనబడగానే మన ఇంట్లో పాలు పొంగే ఆరే గుర్తొచ్చింది. పోయిన పరీక్షలో ఎక్కడ దెబ్బతిన్నానో కూడా ఆ క్షణంలోనే అర్థమైంది. ఆ పేపర్‌లోనూ గాలిని ఇలాగే చదివాను.

ధడధడా మెట్లు దిగి వంటింట్లోకి పోయాను. "అక్కా, పన్నెండుకు ఇంకొకడు బయల్దేరుతడు. అప్పటికి పెద్ద గాలి మొదలైతది. వానికి సరిగ్గా ముప్పై ఆరు నిమిషాలే."

"మళ్ళ ముప్పై ఆరేనా?" అంది రాజమ్మత్త. "పొద్దుగాల గదే చెప్పి నవ్వులపాలైతివి. నడుమంతల ఒక అంకె పట్టుకో బిడ్డా, మర్యాద దక్కుతది."

"లేదు అత్తమ్మా. ముప్పై ఆరే. తప్పితే సోమవారం నేనే పోయి బి.ఎడ్. ఫారం తెచ్చుకుంట. పరీక్ష గూడ రాయ."

 నోట్లోంచి మాట వచ్చేసింది, వెనక్కి ఎలా తీసుకోను? ఎస్తేరక్క నవ్వడం మానేసింది. నా ముందు జొన్నరొట్టె, పుంటికూర, ఎల్లిపాయ కారం పెట్టి, "ముందు తిను, కడుపు నిండితే గుండె గట్టిగుంటది" అంది. ఆ పుంటికూర, మీరు గోంగూర అంటారే, దాని రుచి ఇప్పటికీ చెప్పగలను. జహీరాబాద్ వెళ్తే ఎవరింట్లోనైనా అడిగి తినండి, హోటల్లో అలా దొరకదు.

తిన్నంతసేపూ నా చెవులు బయటే ఉన్నాయి. పదకొండున్నర దాటాక పెరట్లో తీగ మీద ఆరేసిన బట్టలు పడమటి వైపు లేవడం మొదలుపెట్టాయి. గాలి వచ్చింది! అయినా ఎంత వచ్చిందో బట్టలు చెప్పవు కదా.

పన్నెండుంబావుకు మొగులయ్య తనంతట తానే వచ్చాడు, కిరాయి వదులుకుని మరీ. నలుగురం మిద్దె మీద వరుసగా నిలబడ్డాం. ముప్పై మూడు. ముప్పై నాలుగు. అప్పుడే కింద గేటు పడింది. బస్సులు, బండ్లు ఆగిపోయాయి, రైలు కూత వేసుకుంటూ వచ్చి మా కాళ్ళ కింద మిద్దెను అదరగొట్టింది. ఆ చప్పుడులో విమానం మోత వినబడే మార్గమే లేదు. ఎండకు కళ్ళు చికిలించి తూర్పుకేసి చూస్తున్నాను. ఏమీ లేదు. ముప్పై అయిదు.  నాన్నకు ఏమని చెప్పాలో మాటలు కూర్చుకోవడం కూడా మొదలుపెట్టేశాను.

"అగ్గో!" అని అరిచింది రాజమ్మత్త. అందరికంటే ముందు ఆమెకే కనబడింది.

రైలు మోతలో తన మోత వినబడకుండా, తెల్లగా, చిన్నగా వస్తోంది సలీం విమానం. గేటు మీద రెక్క వాల్చే సమయానికి వాచీ చూసుకున్నాను. ముప్పై ఆరు. ముల్లు ఇంకా ఆ గీత మీదే ఉంది. నేను భోరున ఏడ్చేశాను. ఎస్తేరక్క నన్ను గట్టిగా వాటేసుకుంది. మొగులయ్య తలపాగా తీసి ఆకాశంలోకి ఊపుతూ, "లెక్క అంటే గిదీ!" అని కింద గేటు దగ్గర ఆగిన జనానికి వినబడేలా కేక పెట్టాడు. ఏం జరిగిందో తెలియకపోయినా వాళ్ళు కూడా ఈలలు వేశారు.

సాయంత్రం బస్సుకు తిరిగి వచ్చాను, ఆ చివరి బస్సులు కిక్కిరిసి ఉంటాయి కాబట్టి కాస్త ముందే స్టాండుకు వెళ్ళడం మంచిది. మరుసటి వారం పరీక్ష హాల్లో మొదటి ప్రశ్న చదవకముందే కాగితం పైన రెండు గడియారాల టైములూ రాసుకున్నాను, గ్రీనిచ్‌ది ఒకటి, మనది ఒకటి. పాసయ్యాను. మంచి మార్కులతోనే. ఆ నెలాఖరులో చీఫ్ నా చేతికి అదే మ్యాపు, అదే దారి ఇచ్చి ఒంటరిగా పంపాడు. ముందే ఎస్తేరక్కకు ఒక కార్డు రాశాను, ఫలానా రోజు ఫలానా నిమిషానికి వస్తానని. జహీరాబాద్ మీద కుడిరెక్క వంచినప్పుడు కిందికి చూశాను. మనుషులు కనబడేంత తక్కువ ఎత్తు కాదు. గేటు పక్కన ఒక మిద్దె నిండా పొడుగ్గా ఎర్రచీర పరిచి ఉంది. నా వాచీ ముల్లు, ఆ చీర, నా విమానం, మూడూ ఒక్కచోట ఉన్నాయి. పక్క సీటు ఖాళీ కాబట్టి ఎంత గట్టిగా అరిచానో ఎవరికీ తెలియదు.

విమానం నేర్చుకునేవాళ్ళకు పుస్తకాలు చాలానే ఉన్నాయి, వాటిలో ఉన్నదంతా నిజమే. కానీ మనకు తెలిసిన విషయంలోనే మనం తప్పు చేస్తామని పుస్తకం చెప్పదు. తెలియనిదాని దగ్గర జాగ్రత్తగానే ఉంటాం, తెలిసినదాని దగ్గరే కళ్ళు మూసుకుంటాం. నాకు కళ్ళు తెరిపించినవాళ్ళు ఒక పంతులమ్మ, ఆమె అత్త, ఒక రిక్షా అతను. వాళ్ళు చేసిందల్లా నా ముఖం మీదే నవ్వడం. అందుకే చివరగా ఒక్క సలహా. పరీక్షకు వెళ్ళేముందు మీ జవాబును, అది ఒప్పో తప్పో తేలకముందే, నలుగురి ముందు గట్టిగా చెప్పండి. నవ్వితే నవ్వనివ్వండి. కాగితం మీద మీరొక్కరే చూసుకున్న తప్పు మళ్ళీ వస్తుంది. నలుగురు నవ్విన తప్పు జన్మలో మళ్ళీ చేయరు.