చెరువులో మైను, మునెమ్మ ఎనుము

నేను రిటైరయ్యేదానికి రెండు నెలల ముందు, ఒక ఫిబ్రవరిలో, విశాఖ నుంచి పుంగనూరు దగ్గరి చెరువుకు నాలుగు రోజుల తాత్కాలిక డ్యూటీ వేసినారు. నౌకాదళంలో నేను చీఫ్ పెట్టీ ఆఫీసరును. పని ఆర్‌వోవీ నడపడం. అంటే మనిషి ఎక్కని నీటి యంత్రం. ముందర కెమెరా, శబ్దంతో నీటడుగున ఉండేదాన్ని పసిగట్టే సోనారు. వెనక పసుపు కేబులు. శత్రువు సముద్రంలో దాచిన మైన్ల దగ్గరికి, అంటే నీటి బాంబుల దగ్గరికి, మనిషికి బదులు అది పోతుంది. నేను ఓడలో తెర ముందర కూర్చుని దాన్ని నడుపుతాను.

మదనపల్లె కాలేజీ పిల్లలకు దాన్ని చూపించమన్నారు. నాది పక్కనే కురబలకోట. మా వాళ్లు కూడా వచ్చి గట్టు మీద చేరినారు. "సముద్రమే లేని తావున సముద్రం బాంబు ఏందప్పా?" అని ఒకటే నవ్వు. నాకు ఒళ్లు మండింది.

మా ఓడకు పనిచేసే యంత్రం అదొక్కటే. పై వారం విన్యాసాలకు తప్పకుండా కావాల. నా సంతకం మీద తెచ్చినాను. దానికేమన్నా అయితే మచ్చలేని సర్వీసు చివర నాకు విచారణ తప్పదు.

ముందురోజు సాయంత్రం నకిలీ మైను వేసినాము. నీలం ప్లాస్టిక్ డ్రమ్ము, లోపల రాళ్లు, నడుముకు తెల్ల పట్టీ. మళ్లీ తీసుకోడానికి తాడు ఒడ్డున గూటానికి కట్టినాము.

మా పద్ధతికి నాలుగు మెట్లు. సోనారులో కనిపెట్టడం, ఆకారం మైనులాగ ఉందా అని తేల్చడం, కెమెరాతో కండ్లారా చూసి నిర్ధారించడం, ఆపైన పేల్చడం. మూడో మెట్టు దాటేదాకా మైను అనే మాట నోట రాకూడదు. సర్వీసంతా పాటించినాను. ఆ పొద్దు మా ఊరోళ్ల ముందర రెండో మెట్టు మీదే మైకు అందుకున్నాను. గట్టు మీద పెట్టుకున్న తెరలో గుండ్రంగా, ఉలుకూ పలుకూ లేకుండా పెద్దది ఒకటి ఉండాది. "మైను దొరికింది!" అన్నాను. చప్పట్లు మోగిపోయినాయి.

కెమెరాను దగ్గరికి పోనిస్తే బురదలో నల్లటి గోడ. గోడకు వెంట్రుకలు. గోడ ఊపిరి తీస్తాంది! నేను యంత్రాన్ని వెనక్కి తీసేలోగా అది కొమ్ములు విదిలిస్తా జమ్ములోనుంచి లేచి నిలబడింది. ఎనుము.

"ఏమప్పా, కండ్లు యాడ పెట్టుకోనుండావు? సూడి ఎనుమును ఆ ఇనప సేపతో యాల పొడుస్తాండావు?" అని దాని యజమానురాలు మునెమ్మ గట్టు మీదినుంచి కేకలేసింది. ఎనుము బెదిరి ఒడ్డెక్కి పరుగు పెట్టింది. కొమ్ములకు కేబులు, వెనకాల నా యంత్రం దొర్లుకుంటా.

మా లెఫ్టినెంటు కమాండరు ఢిల్లీ మనిషి. కేబులు కోసేయమని ఆర్డరేసినాడు. కోస్తే కొత్తది వచ్చేసరికి విన్యాసాలు అయిపోతాయి. నేను వినలేదు. చుట్టుకున్న కేబులును లాగకూడదు, వదులు ఇవ్వాల. అదీ మా నియమమే. కేబులు చుట్ట భుజానికెత్తుకుని, తెల్ల యూనిఫారంలో, వదులు ఇస్తా ఎనుము వెంట పరుగెత్తినాను. రోడ్డు మీద కుప్పం బస్సు ఆగిపోయింది. కండక్టరు తల బయటపెట్టి, "ఎవురు ఎవుర్ని తోలకపోతాండారు సార్?" అన్నాడు.

మునెమ్మ అడ్డదోవన ఇల్లు చేరి, కుడితి తొట్టిని దబదబా తట్టింది. "లచ్చీ, దా దా!" అంతే. పరుగు నడకైంది. లచ్చి నేరుగా కొట్టంలోకి పోయి తొట్టిలో మూతి పెట్టింది. కొమ్ములకున్న కేబులు విప్పినాను. కెమెరాకు పేడ అంటింది తప్ప యంత్రానికి ఏమీ కాలేదు. ప్రాణం లేచి వచ్చింది. మునెమ్మకు దండం పెట్టినాను.

అప్పుడు చూసినాను తొట్టిని. నీలం డ్రమ్ము. నడుముకు తెల్ల పట్టీ.

"పొద్దున గూటానికి కట్టేసి ఉండ్య. ఎవురో పారేసినారని నేనూ కోడలూ బయటికి లాగి, రాళ్లు పారబోసి తెచ్చుకున్యాము. గట్టి డ్రమ్మప్పా," అనింది మునెమ్మ. వెనకే రొప్పుతా వచ్చిన మా ఆఫీసరు డ్రమ్మునూ, దాని పక్కనే పడున్న యంత్రాన్నీ చూసి అరుగు మీద కూలబడినాడు.

నివేదికలో ఒక్క అబద్ధం లేదు. లక్ష్యం దొరికింది. యంత్రం లక్ష్యానికి అడుగు దూరం దాకా చేరింది. యంత్రం క్షేమం. సహకారం అనే గడిలో స్థానికులు అని రాసినాను. డ్రమ్ము తిరిగి ఇమ్మని అడిగే ధైర్యం మా ఇద్దరికీ చాలలేదు.

చూసి నిర్ధారించేదాకా నోరు మూసుకోవాల. చుట్టుకున్న కేబులును లాగకూడదు. రెండూ కోర్సులో మొదటి వారమే చెప్పినారు. రెండోది పాటించబట్టి మచ్చ లేకుండా రిటైరయినాను. మొదటిది పాటించకపోబట్టి కురబలకోటలో ఇప్పటికీ నా పేరు ఎనుము మైను సారు.