చంద్రభాగ కనురెప్పలు

మరాఠీ గడ్డ మీద తెలుగువాళ్ల పేట అయిన నీలం నగర్‌లో చంద్రభాగ బీడీలు చుడుతుంటే పక్కింటివాళ్లు తమ చేతులు ఆపి చూసేవాళ్లు. అంత చురుకు. ముప్పై ఆరో ఏట, 1988 ఎండాకాలంలో, ఆ వేళ్లే ఆమె మాట వినడం మానేశాయి. పొద్దున బాగానే ఉండేది. పదిన్నర అయ్యేసరికి ఆకు చుట్టి దారం కట్టే సత్తువ కూడా పోయేది. మధ్యాహ్నానికి రెప్పలు వాలిపోయేవి. కాసేపు పడుకుని లేస్తే మళ్లీ మామూలే.

అత్త యల్లమ్మ దిష్టి తీసింది. పేట డాక్టరు బలానికి టానిక్కు రాశాడు.

ఒకరోజు అన్నం తింటుంటే ముద్ద గొంతులో ఆగింది. తాగిన నీళ్లు ముక్కులోంచి వచ్చాయి. అత్తను పిలవబోతే మాట ముద్దముద్దగా వచ్చింది. వేళ్లు అలసినట్టే ఊపిరి కూడా అలసిపోతే? ఆ ఆలోచన వచ్చాక ఆమెకు పడుకోవాలన్నా భయమే. ఎవరికీ చెప్పలేదు.

తిండి మానేసిందని గమనించి, మగ్గాల కార్ఖానాలో పనిచేసే భర్త దత్తాత్రి పని ఆపుకుని పెద్దాసుపత్రికి తీసుకుపోయాడు. అక్కడి డాక్టరమ్మ తెలుగామె. రెప్ప వేయకుండా పైకి చూడమంది. నిమిషం లోపే రెప్పలు దిగిపోయాయి. నర్సును సూది తెమ్మంది.

“ఇది ఇస్తే సచ్చిపోతనా?” అంది చంద్రభాగ.

“నేనీడనే కూసుంటనమ్మా.”

సూది పడ్డాక కడుపులో మెలిపెట్టింది. ఇక అయిపోయిందనుకుని భర్త చెయ్యి గట్టిగా పట్టుకుంది. ఇరవై నిమిషాలకు అతను మెల్లగా అన్నాడు, “నీ కండ్లు తెరుసుకున్నయే.”

డాక్టరమ్మ వివరించింది. “నరం కండకు అంటుకోని ఉండదు. నడుమ సన్న సందు ఉంటది. నరం కొసనుంచి ఒక రసాయనం వచ్చి, కండ మీదున్న రిసెప్టర్లకు, అంటే దాన్ని పట్టుకునే గూళ్లకు, తగిలితేనే కండ కదుల్తది. నీ ఒళ్లే ఆ రిసెప్టర్లను పాడుచేస్తది. అందుకే పని చేసినకొద్దీ కండ సోలిపోతది. ఈ మందు ఆ రసాయనాన్ని జల్ది కరిగిపోనియ్యదు, ఎక్కువసేపు నిలబెడ్తది.”

“దమ్ము తీసే కండకు సుత అట్లయితదా?”

దత్తాత్రి ఉలిక్కిపడి భార్య వైపు చూశాడు.

“కావచ్చు,” అంది డాక్టరమ్మ. “ఈ మందే గోలీలు రాస్తున్న, తప్పొద్దు. దమ్ము చాలకుంటే దాచొద్దు, వెంటనే రావాలె.”

గోలీ వేసుకున్నాక అన్నం దిగసాగింది. పొద్దున పూట మాత్రమే బీడీలు చుట్టేది. వానాకాలంలో ఒక మధ్యాహ్నం జ్వరంతో పాటు ఊపిరి చిన్నదైపోయింది. గోడ పట్టుకుని వచ్చి, “అత్తా, దమ్ము చాల్తలేదు, రిక్షా పిలువుండ్రి,” అంది.

పెద్దాసుపత్రిలో ఎనిమిది రోజులు మిషనే ఆమెకు ఊపిరి ఇచ్చింది. తొమ్మిదో రోజు గొంతులోని గొట్టం తీశారు. దత్తాత్రి చెంచాతో పోసిన చాయ్‌ని భయం భయంగానే మింగింది.