నేస్తం చెప్పలేదు

ఒక్క మాట దాచుకోవడం ఇంత బరువని నాకు ముందు తెలియదు. ఏళ్ళ తరబడి మోస్తున్నాను. దించుదామంటే చోటు కనబడలేదు. మీరెవరో నాకు తెలియదు, అందుకే మీకు చెబుతున్నాను. తెలిసినవాళ్ళకు చెప్పే ధైర్యమే ఉంటే ఇంతదాకా వచ్చేది కాదు.

మాది కలకత్తాలో గార్డెన్ రీచ్. తాతల కాలంలో శ్రీకాకుళం నుంచి ఓడరేవులో డాక్ పనికి వచ్చి ఇక్కడే ఉండిపోయాం. మా వాడంతా ఆ తెలుగే, మధ్యమధ్యలో బెంగాలీ, హిందీ. తెలుగు చదవడం వచ్చినవాళ్ళు మాత్రం తక్కువ. నాకు నాన్న పక్కన కూర్చోబెట్టి నేర్పాడు. ఆ నాలుగక్షరాలే నాకు న్యూ టౌన్‌లో ఉద్యోగం ఇప్పించాయి.

పనేమిటంటే వినడం. ఎక్కడో దూరదేశంలో ఉన్న ఒక పెద్ద కంపెనీ, మనం ఫోన్‌ని ఏదైనా అడిగితే జవాబు చెప్పే యాప్ ఒకటి తయారుచేసింది. జనం దానితో అన్న మాటలు ముక్కలు ముక్కలుగా మా చెవుల్లోకి వచ్చేవి. యంత్రం రాసుకున్నది సరిగ్గా ఉందో లేదో చూసి దిద్దాలి. మా యాస దానికి బొత్తిగా ఎక్కేది కాదు, అందుకే నన్ను తీసుకున్నారు. "పేర్లుండవు, నంబర్లుండవు, ఎవరి గుట్టూ బయటపడదు" అన్నాడు మేం అన్నా అన్నట్టు దాదా అని పిలిచే టీమ్ లీడర్. నమ్మాను. గొంతుకి వేరే పేరు అక్కర్లేదని దాదాకి తెలియకపోవచ్చు. నాకు తెలియాలి కదా?

పొద్దంతా చెవులకి హెడ్‌ఫోన్స్. ఎవరెవరి ఇళ్ళలోని మాటలో వింటూ ఉండేదాన్ని. నాతో మాట్లాడే మనిషి మాత్రం ఒక్కరూ ఉండేవారు కాదు.

ఒక మధ్యాహ్నం పిన్ని గొంతు వచ్చింది. మాకు చుట్టం కాదు, రెండిళ్ళ అవతల ఉంటుంది, చిన్నప్పటి నుంచి పిన్ని అనే పిలుస్తాను. ఆమె భర్త డాక్‌లో పనిచేస్తాడు. తాగితే కొడతాడు. ఆ చప్పుడు అన్ని ఇళ్ళలోకీ వినబడుతుంది. అందరం టీవీ సౌండ్ పెంచుకుంటాం. మేమూ పెంచేవాళ్ళం.

హౌరా స్టేషన్‌లో మా శ్రీకాకుళం వైపు, పలాస వెళ్ళే రైలు ఎప్పుడని పిన్ని ఫోన్‌ని అడిగింది. ఫోన్ సమయం చెప్పింది, కానీ వినడం ఆపలేదు. పిన్ని పక్కనున్న మనిషితో మాట్లాడుతోంది.

"కాళీపూజ మర్నాడు ఎల్పోతాను నేస్తం. ఆడు తాగి తొంగుంటాడు గదా. ఎవులికీ సెప్పకు."

"నీమీదొట్టు. సెప్పను."

నేస్తం అన్న పిలుపు విన్నాక ఇంక అనుమానమేముంది? మావైపు ఆడవాళ్ళు నేస్తం కట్టుకుంటారు. అమ్మవారి ముందు బొట్టు పెట్టుకుని, చీరలు మార్చుకుంటారు. ఆ తర్వాత బతికున్నన్నాళ్ళూ ఒకరినొకరు పేరుతో పిలుచుకోరు. అది అక్కచెల్లెళ్ళ వరసకన్నా ఎక్కువ. పిన్నికి మా వీధిలోనే ఒక నేస్తం ఉంది, ఇద్దరూ ఏ పనైనా కలిసే చేసేవారు.

యంత్రం పిన్ని మాటల్ని తప్పుతడకగా రాసుకుంది. దానికి కూడా అర్థం కాని గుట్టది. నేను ఒక్కో మాటా శుభ్రంగా దిద్ది పంపించాను. తర్వాత ఎవరో పసిపిల్ల పాట పెట్టమని అడిగింది, అదీ దిద్దాను.

ఇంటికొచ్చేసరికి అమ్మ చేపలు కోస్తోంది. చెప్పేశాను.

ఎందుకు? పిన్ని ఒంటరిగా పోతోందని భయపడ్డానని ఎన్నోసార్లు నాకు నేనే సర్ది చెప్పుకున్నాను. అబద్ధం. మా ఇంట్లో నన్నెవరూ ఏమీ అడగరు, నేను చెప్పబోయినా సగంలోనే లేచిపోతారు, ఆ రోజు మాత్రం అమ్మ చేస్తున్న పని ఆపి, కత్తిపీట మీద చెయ్యి అలాగే ఉంచి, నా మొహంలోకి చూసి "ఆఁ, తర్వాత?" అంది. ఆ "తర్వాత" కోసం చెప్పాను. ఛీ, ఎంత చిన్న ఆశ!

అమ్మ మావయ్యకు చెప్పింది. ఆయన వాడకి పెద్ద. "సంసారం కూలిపోతంటే సూస్తా ఊరుకుంటామేటి?" అన్నాడు. కాళీపూజ మర్నాడు పిన్ని స్టేషన్‌కు చేరేసరికి పెద్దలంతా అక్కడే ఉన్నారు. టాక్సీలో వెనక్కి తీసుకొచ్చారు. ఒక్కరూ గట్టిగా మాట్లాడలేదట. టీ కూడా ఇప్పించారట. సంచి చంకన పెట్టుకుని టాక్సీ దిగిన పిన్నిని నేను కిటికీలోంచి చూశాను. కొన్నాళ్ళకు ఆమె చేతికి కట్టు కనబడింది.

మేడమీద బట్టలు ఆరేస్తుంటే వచ్చి నా పక్కన నిలబడింది.

"ఒలే గుంటా, నా నేస్తమే సెప్పీసినాదే. దానికి తప్ప ఎవులికి తెల్సు?"

"ఏటో పిన్నీ" అన్నాను.

"మడిసిని నమ్మకూడదు. దీనికన్నా ఈ ఫోనే నయం. ఎవులికీ మొయ్యదు."

తడి దుప్పటి ఒక కొస నా చేతిలో ఉంది, ఇంకో కొస ఆమె పట్టుకుంది. అప్పుడు చెప్పి ఉండాల్సింది. ఉద్యోగంలో చేరేటప్పుడు విన్నది బయట చెప్పనని సంతకం పెట్టానుగా, ఆ సంతకం చాటున దాక్కున్నాను. కంపెనీ గుట్టు మాత్రం భద్రంగా కాపాడాను. చూశారా నా నిజాయితీ!

నేస్తం కట్టినప్పుడు మార్చుకున్న చీరని పిన్ని తిరిగిచ్చేసింది. నేస్తం వచ్చి పిన్ని గుమ్మంలో నిలబడి ఒట్లు పెట్టుకుని ఏడ్చింది. తలుపు తెరుచుకోలేదు. ఆవిడ వస్తే ఇప్పటికీ ఆడవాళ్ళు మాట ఆపేస్తారు. అందరూ వెళ్ళాక వచ్చి కుళాయి దగ్గర నీళ్ళు పట్టుకుంటుంది. పిన్ని ఆ ఇంట్లోనే ఉంది. టీవీ సౌండ్లు పెరుగుతూనే ఉన్నాయి.

ఆ కంపెనీ మీద నాకు కోపం లేదా? ఉంది, చాలా ఉంది. అడగకుండా విన్నారు, విన్నది జీతానికి మాచేత దిద్దించుకున్నారు, పిన్నికి ఇప్పటికీ ఆ సంగతి తెలియదు. కానీ వాళ్ళ మీద ఎంత కోపం తెచ్చుకున్నా చివరికి అమ్మ కత్తిపీట దగ్గరికే వచ్చి ఆగుతాను. అక్కడ ఉన్నది నేనే.

ఉద్యోగం మానేశాను. దాంతో ఏం బాగుపడింది? మొన్న పిన్ని ఫోన్ చూపిస్తూ మురిపెంగా "ఇప్పుడు మా బాగా తెలస్తంది దీనికి నా మాట" అంది. తెలియదా మరి, నేర్పింది నేనేగా.

ఇది తెలుగులో ఎందుకు రాస్తున్నానో కూడా చెప్పాలి. పిన్నికీ, ఆమె నేస్తానికీ చదవడం రాదు. ఒప్పుకోవడంలోనూ పిరికితనమే. వెళ్ళి చెబుతానా? మాట ఇవ్వలేను. అయినా ఒక్కచోటైనా ఉన్నదున్నట్టు ఉండాలి. నేస్తం చెప్పలేదు. ఒట్టు నిలబెట్టుకుంది. చెప్పింది నేను.

రాశాక ఊపిరి కొంచెం ఆడుతోంది. అవతల పిన్ని గుమ్మంలో కూర్చుని ఫోన్‌తో ఏదో చెప్పుకుంటోంది. ఆ మాటలు నాకు వినబడకుండా లేచి కిటికీ మూసేశాను.