అడగమంటే అడుగుతాను

కొమరోలు బస్టాండు దాటాక ఎడమచేతి వైపు కాశయ్య మోటారు వైండింగు దుకాణం. బోర్డు లేదు, ఆ అవసరమూ పడలేదు. నలభై ఏళ్లుగా చుట్టుపక్కల ఏ బోరు మోటారు కాలినా అక్కడికే వచ్చేది. తీగచుట్టను వేలితో తడిమి ఎక్కడ మాడిందో చెప్పేవాడు. అంత పనివాడికి ఒకే ఒక్క జబ్బు, మొహమాటం.

అది ఆయన ఒక్కడిదే అంటే అన్యాయం. ఆ ఊళ్లలో ఎవరి గడప తొక్కినా వచ్చిన పని వెంటనే చెప్పరు. కూర్చుంటారు, మంచినీళ్లు తాగుతారు, వానల సంగతీ గొర్రెల సంగతీ మాట్లాడతారు. "ఏం పని మీద వచ్చినావు నాయనా?" అని ఇంటాయన అడగాలి, అప్పుడు నోరు విప్పాలి. అడగకముందే చెప్పేవాణ్ణి పెంపకం లేనివాడంటారు. కాశయ్యకు వాళ్ల నాయన వైండింగు కన్నా ముందు నేర్పింది ఇదే.

రెండేళ్ల కిందటి మే నెలలో ఓబులమ్మ పొలంలో సోలారు మోటారు ఆగిపోయింది. ఆమె మొగుడు పోయిన మనిషి. పది గొర్రెలు, ఎకరం ఎర్రనేల, అందులో నూట పది బత్తాయి చెట్లు. నాలుగేళ్లు బిడ్డల్లా సాకింది. ఆ ఏడే తొలి కాపు, చెట్టుకు పదో పన్నెండో కాయలు నిలిచాయి.

కాశయ్య వెళ్లి మోటారు బయటికి లాగించి చూశాడు. అది గుండ్రాయిలా ఉంది, మళ్లీ బోరులోకి దింపించాడు. స్తంభానికి బిగించిన, మోటారును నడిపే పెట్టెలో మాత్రం ఇరవై మూడు అనే ఎర్ర అంకె వెలిగి ఆరుతోంది. దాని భావమేమిటో ఆయనకు తెలియదు. కంపెనీ వాళ్ల నంబరు మోగుతుందే కానీ ఎత్తే నాథుడు లేడు.

"రెండు రోజుల్లో చూస్తాలేమ్మా," అని వచ్చేశాడు.

ఫోనులో 'మోటారు మిత్రులు' అనే వాట్సాప్ గ్రూపు ఉంది, నాలుగు వందల మంది మెకానిక్కులు. కాశయ్యను ఎవరో అందులో చేర్చి ఏడాదైంది, ఏనాడూ నోరెత్తలేదు. ఆ సాయంత్రం అక్షరం అక్షరం వెతుక్కుంటూ ఇలా రాశాడు: "పెద్దలందరికీ నమస్కారం. కొమరోలు కాశయ్యను. అందరూ బాగున్నారా? సోలారు మోటారు మీద చిన్న సందేహం. వీలున్నప్పుడు అడగమంటే అడుగుతాను."

ఇక ఒకరి అరుగు మీద కూర్చున్నట్టే కూర్చున్నాడు. ఇద్దరు దండం బొమ్మ పెట్టారు. దండం పెట్టారంటే విన్నట్టే, తీరిక చూసుకుని అడుగుతారులే అనుకున్నాడు. ఎవరూ అడగలేదు. మర్నాడు ఎవడో కుర్రమెకానిక్కు నమస్కారం అయినా లేకుండా అలాంటి పెట్టె మీది అంకె ఫోటో ఒకటి విసిరి "ఇదేం కోడు?" అన్నాడు. క్షణంలో నాలుగు జవాబులు! ఏం పెంపకమో అని కాశయ్య ముక్కున వేలేసుకున్నాడు. అడగందే అమ్మైనా పెట్టదని జన్మలో వందసార్లు ఇతరులకు చెప్పిన మనిషే.

ఆరో రోజు మళ్లీ రాశాడు. "పెద్దలు పనుల్లో ఉన్నట్టున్నారు. తొందరేం లేదు."

తొందర లేకపోవడమేమిటి, ఆయన తల! అక్కడ నీళ్లు లేక బత్తాయి ఆకులు ముడుచుకుని దొప్పలు కడుతున్నాయి.

ఓబులమ్మ రోజు మార్చి రోజు దుకాణానికి వచ్చేది. బల్ల మీద కూర్చునేది.

"బాగుండావా అన్నా?"

"బాగుండానమ్మా. గొర్రెలు బాగుండాయా?"

"బాగుండాయన్నా."

కాసేపుండి లేచి వెళ్లేది. ఎందుకొచ్చిందో ఆయనకు తెలుసు. నాకు చేతకావడం లేదమ్మా అన్న మాట మాత్రం గొంతు దాటేది కాదు.

పంతొమ్మిదో రోజు దర్శి మెకానిక్కు నరసింహం ఊళ్లో ఎవరిదో పెళ్లికి వచ్చి, దారిలో దుకాణం చూసి ఆగాడు. గ్రూపులో ఎక్కువ జవాబులిచ్చేది అతనే. కూర్చున్నాడు, మంచినీళ్లు తాగాడు.

"మామా, గ్రూపులో ఏందో సందేహమంటివి, తీరిందా?"

పంతొమ్మిది రోజులకు అడిగిన నాథుడు దొరికాడు. కాశయ్య అంతా చెప్పాడు.

"ఇరవై మూడా? బోరులో నీళ్లు లేవని ఆ పెట్టె అనుకుంటా ఉంది. నీళ్లు కనిపెట్టే సన్న తీగ ఒకటి ఉంటది, ఏ ఎలకో కొరికుంటది. కొసలు కలిపితే సరి."

"మరి చెప్పకపోతివే నాయనా?"

"నువ్వు అడిగితే గదా మామా! దినానికి నూరు మెసేజీలొస్తాయి. ఆ అంకె ఒకటి పెట్టుంటే బస్సులో నిలబడి చెప్పుందును. తొందర లేదని నువ్వే అంటివి."

అతన్ని ఏమని తప్పుపట్టగలడు? ఇద్దరూ బండి మీద పొలానికి వెళ్లారు. తీగను ఎలుకే కొరికింది. కొసలు కలిపి టేపు చుట్టేసరికి ఐదు నిమిషాలు పట్టలేదు. పైపుల్లో నీళ్లు చెట్టు చెట్టు మొదట్లోనూ చుక్కలుగా పడ్డాయి. చెట్ల కింద రాలిన ఆకు అడుగేస్తే నలుగుతోంది. ఆ చప్పుడు వినలేక కాశయ్య గట్టు మీదే ఆగిపోయాడు.

"నాకు తెలీలేదమ్మా," అన్నాడు ఓబులమ్మతో. "తెలీదని నీకు చెప్పలేకపోయినా."



"ఆ మాట మొదటి దినమే అనుంటే నాలుగు గొర్రెలమ్మి ట్యాంకరు తోలిచ్చుకుందును గదన్నా," అంది ఓబులమ్మ. "నేనూ అడక్కపోతిని. పెద్దోడివి, నువ్వే చెప్తావులే అని వచ్చి కూచ్చొని పోతిని."

తిట్టి ఉంటే కాశయ్యకు కొంత భారం తగ్గేది. ఆమె తిట్టలేదు.

వానలు పడ్డాయి. ఇరవై ఆరు చెట్లు చిగురించాయి. మిగిలినవి కట్టెలై నిలబడ్డాయి. ఒకరోజు ఓబులమ్మ దుకాణానికి వచ్చింది. ఆమె బల్ల మీద కూర్చోకముందే కాశయ్య లేచి, "ఏం పని మీద వచ్చినావమ్మా?" అన్నాడు.

"ఎండిన చెట్లు కొట్టించాలన్నా. రంపం మిషనోళ్లు ఎవరన్నా ఉంటారేమో నీ ఫోన్లో అడగవా?"

కాశయ్య ఈసారి నమస్కారం పెట్టలేదు. "కొమరోలు. బత్తాయి చెట్లు ఎనభై నాలుగు. నాలుగేళ్లవి. మొదలంటా ఎండినాయి. కొయ్యడానికి మిషను కావాలి," అని రాసి పంపాడు.

పది నిమిషాల్లో ముగ్గురు జవాబిచ్చారు.