లాకు అవతలి గట్టు సున్నిపిండి

మా కోడలు రాజమండ్రి నుంచి తెప్పించుకున్న సీమసబ్బు వాసన నూతిగట్టు మీంచి వంటింటి దాకా వస్తుంటే ఇంట్లో అందరూ ఆహా అంటారు, నేను మాత్రం ముక్కు చిట్లిస్తాను. సున్నిపిండి వాసనలో పెరిగిన ముక్కు నాది. మా నాన్న ధవళేశ్వరంలో కాలవ లాకుల దగ్గర తలుపులు తిప్పే పనిలో ఉండేవారు. లాకులో నీళ్ళు నిండేదాకా ఆగిన పడవల్లోని ఆడవాళ్ళకి మా అమ్మ చిట్టెమ్మ సున్నిపిండి అమ్మేది.

వేసవి వచ్చిందంటే మా వాకిట్లో తొక్కుడుబిళ్ళ ఆడుకోవడానికి కూడా చోటుండేది కాదు. పెసలు, కస్తూరి పసుపు కొమ్ములు, కచ్చూరాలు, వట్టివేళ్ళు, పాలల్లో నానబెట్టి తీసిన నారింజ తొక్కలు, అన్నీ ఎండలో ఉండేవి. ఆ పాల సంగతి అమ్మ పరాయివాళ్ళెవరికీ చెప్పేది కాదు. రోట్లో దంచి, తిరగలిలో విసిరి, పలచటి గుడ్డలో జల్లించేసరికి ఆవిడ కనురెప్పల మీద కూడా పచ్చటి ధూళి పేరుకునేది. ఇంత చేస్తే, వచ్చినవాళ్ళు చిటికెడు పుచ్చుకుని, ముంజేతికి రాసుకుని, బాగుందండీ, మేం ఇంట్లోనే చేసుకుంటాంలెండి అని పడవెక్కేవారు. వానాకాలంలో పిండి చెమ్మగిల్లి పురుగు పట్టేది.

ఇవి చాలవన్నట్టు అవతలి గట్టున సీతారామమ్మగారు కూడా సున్నిపిండి పెట్టింది. వాళ్ళాయనకి పచారీ కొట్టు ఉండేది కాబట్టి సరుక్కి లోటు లేదు. ఆవిడ పిండిలో ముప్పాతిక శనగపిండే, అయినా పడవలు అటే కట్టేవారు. దానికి కారణం ఆవిడ కూతురు రాజ్యం. పసిమి ఛాయ, నున్నటి బుగ్గలు. బుట్ట పక్కన దాన్ని కూర్చోబెడితే చాలు, ఇంకేం చెప్పక్కర్లేదు. నేనేమో నల్లపిల్లని, వేసవంతా వీపునిండా చెమటకాయలు. ఒకావిడ నన్ను ఎగాదిగా చూసి, "ఈ పిండే రాస్తారాండీ మీ అమ్మాయికి?" అని అమ్మనడిగింది. ఆ రోజు నుంచి పడవ వస్తే నన్ను లోపలికి పొమ్మనేది అమ్మ. రాజ్యానికి ఆటలమ్మ పోసిందని విన్నప్పుడు నేను బెల్లంముక్క అడిగి మరీ తిన్నాను. ఒక్క మచ్చయినా లేకుండా లేచి కూర్చుంది మహాతల్లి.

అలాంటి రోజుల్లో కడియం పెద్దరైతు ఇంట్లో పెళ్ళి కుదిరింది. ఆ ఇంటి పెళ్ళికూతురికి ఎవరి పిండితో నలుగు పెడితే చుట్టుపక్కల పెళ్ళిళ్ళన్నిటికీ ఆ పేరే చెప్పుకునేవారు. వాళ్ళు మా అమ్మనే అడిగారు. అమ్మ ఆ వేళ సంబరంలో అన్నం కూడా సరిగా తినలేదు. అవతలి గట్టుకి వినపడేలా వచ్చేపోయేవాళ్ళకి ఆ కబురే చెప్పింది.

శ్రావణమాసం, విడవని ముసురు. ఒక పొద్దున్న కాస్త ఎండ కాసింది గాని, గట్టంతా బురద. పక్కనే చేపలు పట్టే నూకాలమ్మ వాళ్ళింట్లో వెదురుమంచె మీద ఆరిన తాటాకు చాపలున్నాయి. పాపం, అంతకుముందే కడిగి ఆరబెట్టినవి, మంచి మనసుతో ఇచ్చింది. అమ్మ వాటి మీద సరుకంతా ఆరబోసింది. కచ్చూరాల ఘాటుకి అలవాటుపడ్డ అమ్మ ముక్కుకి తేడా తెలియలేదు; పొడిగా ఉన్నంతసేపు నాకూ తెలియలేదు. దంచి పంపిన పిండిని కడియంలో పెళ్ళికూతురి మేనత్త అరచేతిలో కాస్త తడిపి చూసిందట, గుప్పున ఎండుచేపల వాసన. సాయంత్రం పడవలో పిండి తిరిగొచ్చింది. తెల్లారితే నలుగు.

ఎండిన సరుకు ఉన్నది ఒక్క చోటే. అమ్మ నా చెయ్యి పట్టుకుని లాకు తలుపుల మీదుగా అవతలి గట్టుకి నడిచింది. సీతారామమ్మగారు పీట వేసింది, ఎగతాళి చెయ్యలేదు, అదే నాకు ఇంకా ఒళ్ళు మండించింది. అంతా విని, నెమ్మదిగా అంది:

"సరుకు నాది వదినా. పేరూ నాదే కావాలి మరి."

అమ్మ తల వంచుకుని రోలు ముందు కూర్చుంది. తన పాళ్ళతో, తన చేత్తో దంచింది. పాల సంగతితో సహా, తొక్కలు పొయ్యి సెగన ఆరబెట్టి మరీ, అన్నీ ఆవిడ కళ్ళముందే చేసింది. తిరిగొస్తుంటే, పెళ్ళి ఆగలేదు కదమ్మా అన్నాను.

"ఆగలేదులే. నా కడుపు మాత్రం రగిలిపోతోందే," అంది.

ఆ పెళ్ళితో మా బుట్ట అటకెక్కింది. ఆ తరవాత ఎన్నో ఏళ్ళకి సబ్బులొచ్చి అవతలి గట్టు బుట్టా పోయింది. ఇప్పుడు పడవలు ఆగినా గట్టు మీద తిరగలి చప్పుడు లేదు, ఇంటింటా నలుగు పెట్టడమూ పండగలకే మిగిలింది. అయినా నా కుళ్ళు చావలేదు. మొన్న మనవరాలికి సంబంధం మాట్లాడ్డానికొచ్చిన కడియం ఆవిడ, "ఎన్ని సబ్బులొస్తే ఏం లెండి, సీతారామమ్మగారి సున్నిపిండిలాంటిది మళ్ళీ రాలేదని మా అమ్మ పోయేదాకా అనేదండీ," అంది. అది చేసింది చిట్టెమ్మ అన్నాను.

"ఆవిడెవరండీ?" అంది.