సూడి గొర్రెల సంత

నా ఉత్తరానికి ఇప్పటిదాకా ఎవరూ జవాబివ్వలేదు.

వానల్లేని 1965లో నేను సంతల్లో ధరలు రాసి పై ఆఫీసుకు పంపేవాణ్ణి. మోత్కూరు బస్సులో పక్కన కూర్చున్న ముసలి గొల్లాయన, "ఏం రాస్తున్నవ్ సారూ?" అన్నాడు. గొర్రెల ధర తగ్గిందని, జనానికి మంచిదేనని చెప్పాను.

"ఏం మంచి? గియ్యాల అమ్మినయన్నీ సూడి గొర్లే. కడుపుతోనున్నదాన్ని మా తాతలు గూడ అమ్మలె. నేను రెండు అమ్మిన. వచ్చే ఏడు మంద యాడికెల్లి వస్తది? గది గూడ జర రాయి."

అతని ఒళ్లో రెండు ఖాళీ తాళ్లున్నాయి.

ధర కింద ఆ మాట రాశాను. అధికారి ఎర్ర సిరాతో కొట్టేశాడు. మరుసటి ఏడు రూపాయి విలువ తగ్గించారు; దేశం సరుకూ చౌకైపోయిందని విని ఆ ముసలాయన మాట గుర్తొచ్చింది. ఆయన మాట ఎందుకు కొట్టేశారని అప్పుడే ఆ ఆఫీసుకు ఉత్తరం రాశాను. ఆ అధికారి కుర్చీలో ఇప్పుడున్నవారైనా చెప్పాలి.