ఇద్దరం వస్తామంటే

వేసవిలో మా చర్చి పిల్లలను రాజమండ్రి నుంచి ఉద్దానం తీరంలో శిబిరానికి తీసుకెళ్లాం. ఒక సాయంత్రం నేనూ, ఇంకో టీచరూ పిల్లలతో అక్కడి ఊళ్లో ఇసుకదారిన నడుస్తుంటే, కీర్తన అనే చిన్నపిల్ల కాలిలో ముల్లు గుచ్చుకుని లోపలే విరిగింది. ఆ ఏడుపు విని, వాకిట్లో వల బాగుచేస్తున్న ఒకావిడ పరుగున వచ్చింది.

“ఊరుకో తల్లీ. మా ఇల్లు ఇదే. ముల్లు తీసి పంపిత్తాను,” అంటూ ఎత్తుకోబోయింది.

పిల్లల్ని ఎవరితోనూ ఒంటరిగా పంపకూడదనీ, మాలో ఇద్దరు పెద్దలు వెంట ఉండాలనీ మా శిబిరంలో నియమం. అంత ప్రేమగా వచ్చిన మనిషికి ఆ మాట ఎలా చెప్పను? మా ఊళ్లో ఈ మాటకే ముఖం ముడుచుకున్నవాళ్లను చూశాను. చివరికి, “ఏమీ అనుకోకమ్మా, మేమిద్దరం కూడా వస్తాం,” అన్నాను.

ఆవిడ పకపకా నవ్వింది. “అనుకోడానికేటుందమ్మా? అడగ్గానే పిల్లని ఒగ్గేత్తే నానే నిన్ను తిడుదును. ఇద్దరేటి, అందరూ రండి!”

అందరం వెళ్లాం. కీర్తనను అరుగు మీద కూర్చోబెట్టి, మా కళ్లముందే సూదితో ముల్లు తీసింది. తర్వాత పెరట్లోని జీడిచెట్ల నుంచి పళ్లు కోసి పెట్టింది. పిల్లల చొక్కాల నిండా రసం మరకలే. కుంటుతూ వచ్చిన కీర్తనే అందరికంటే ముందు చెట్ల మధ్య పరుగులు తీసింది.

బయల్దేరుతుంటే, “రేపు మల్లీ వొత్తారా?” అని ఆవిడ నన్నడిగింది. నేను నోరు తెరిచేలోగా పిల్లలంతా ఒక్క గొంతుతో “వస్తాం!” అని అరిచారు.